టైరుకి పంక్చర్: స్ట్రిప్ చాలా, మష్రూమ్ వేయించాలా?

పండక్కి ఊళ్లకు బయల్దేరే వారం వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఇదే ప్రశ్న. "స్ట్రిప్ వేయించిన టైరుతో అనంతపురం, కర్నూలు వెళ్లొచ్చా, లేక మష్రూమ్ వేయించుకోవాలా?" బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగే కారుకి మేకు దిగడం వింతేమీ కాదు. ట్రాఫిక్ పోలీసులే రోడ్డు మీద మేకులు ఏరిన ఊరు మనది.

స్ట్రిప్ సంగతి అందరికీ తెలిసిందే. మేకు లాగేసి, గరుకు పుల్లతో చిల్లు గీకి, జిగురు తాడు పొడిచి, మిగిలింది కోసేస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది, మా వైపు 150 రూపాయల్లోపే. మష్రూమ్ అంటే పుట్టగొడుగులా కాడ ఉన్న ప్యాచ్. దానికైతే టైరు రిమ్ము నుంచి ఊడదీయాలి. లోపలి వైపు రుద్ది, సొల్యూషన్ రాసి, కాడని చిల్లులోంచి బయటికి లాగి, ప్యాచ్‌ని లోపల అతికిస్తారు. ముప్పావుగంట పోతుంది, బ్యాలెన్సింగ్‌తో (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సర్దడం) కలిపి 500 దాకా అవుతుంది.

ట్యూబ్‌లెస్ టైరులో గాలి ఆపేది లోపలి రబ్బరు పొర. స్ట్రిప్ చిల్లుని పూడుస్తుందే తప్ప ఆ పొరని అతకదు. ఉత్త ప్యాచ్ వేస్తే గాలి ఆగుతుంది కానీ, చిల్లులోంచి నీళ్లు దిగి టైరు రబ్బరులో ఉండే ఉక్కు తీగలు తుప్పు పడతాయి. మష్రూమ్ రెండు పనులూ చేస్తుంది. అమెరికా టైర్ల తయారీదారుల సంఘమైతే ఉత్త స్ట్రిప్‌ని సరైన రిపేరుగానే ఒప్పుకోదు. అలాగని స్ట్రిప్‌ని తీసిపారేయలేం. టైరు అరిగేదాకా నిలిచిన స్ట్రిప్పులు మన చుట్టూ బోలెడు.

నా లెక్కలో అసలు తేడా వేరే ఉంది. మష్రూమ్ వేయాలంటే టైరు విప్పక తప్పదు, విప్పితే లోపల ఏం జరిగిందో కంటికి కనబడుతుంది. గాలి తగ్గిన టైరు మీద కాస్త దూరం నడిపినా, పక్కగోడ మడతపడి లోపల్లోపల నలిగిపోతుంది. బయటికి ఏమీ తెలియదు. మొన్న మా బావ సిల్క్‌బోర్డ్ దగ్గర ఆపడానికి చోటు లేక, మెత్తబడిన టైరు మీదే మడివాళ దాకా వచ్చాడు. షాపతను టైరు విప్పి వంచగానే మిరియాల పొడిలా నల్లటి రబ్బరు పొడి రాలింది. లోపల చెయ్యి పెట్టి తడిమితే పక్కగోడ చుట్టూతా గరుగ్గా తగిలింది. "పంక్చర్ సంగతి తర్వాత, టైరే పోయింది సార్" అన్నాడు. అదే టైరుకి స్ట్రిప్ పొడిచి 33 పీఎస్‌ఐ గాలి కొడితే నిక్షేపంలా నిలబడేది. తర్వాత ఎన్‌హెచ్ 44 మీద, మే ఎండలో, డిక్కీ నిండా సామానుతో 100లో పోతుంటే ఆ గోడ ఎప్పుడు చీలుతుందో ఎవరు చెప్పగలరు?

కాబట్టి పార్కింగ్‌లో మేకు కనబడి, గాలి నిండుగానే ఉండి, కారు ఇల్లూ ఆఫీసూ తప్ప ఎక్కడికీ పోదంటే స్ట్రిప్ చాలు. మేకు మీరు పీకకండి, అలాగే షాపు దాకా వెళ్లండి. టైరు మెత్తబడ్డాక నడిపినా, హైవే ఎక్కాల్సి ఉన్నా మష్రూమే. "ఇప్పటికి స్ట్రిప్, తర్వాత చూద్దాం" అనేది కూడా నాకు పెద్దగా నచ్చదు. గీకుడికి చిల్లు పెద్దదై 6 మిల్లీమీటర్లు దాటిందంటే ఇక మష్రూమ్ కూడా వేయకూడదు.

ఇవన్నీ రోడ్డుకి ఆనే భాగంలో దిగిన మేకులకే. పక్కగోడకి చిల్లు పడితే కొత్త టైరే. స్టెప్నీ ఉండి తీరాలన్న రూల్ 2020లో మారాక, అది లేకుండా వస్తున్న కొన్ని కార్లలో సీలెంట్ కిట్టు (టైరులోకి ఎక్కించి చిల్లు మూసే జిగురు ద్రవం) ఇస్తున్నారు. ఆ సీలెంట్ షాపు దాకా చేరడానికి మాత్రమే, వేశాక ఆ సంగతి షాపతనికి ముందే చెప్పండి. ట్యూబ్‌లెస్‌లో ట్యూబ్ వేస్తామంటే వద్దనండి.

మష్రూమ్ వేయించాక బ్యాలెన్సింగ్ ఎగ్గొట్టకండి, 80 దాటితే స్టీరింగ్ వణకొచ్చు. షాపులో ఆ మెషీన్ లేకపోతే, ఊడదీసే ముందే వాల్వుకి ఎదురుగా టైరు మీద సుద్దతో గీత పెట్టించి, మళ్లీ అదే చోటుకి ఎక్కించమనండి. ఈలోగా మెషీన్ ఉన్న షాపు చూసుకోవచ్చు.