నుసా పెనిడాలో డైవింగ్: వోచర్ మీద టైమ్ ముందే రాసిచ్చారంటే జాగ్రత్త

బాలి వెళ్లినప్పుడు పక్కనే ఉన్న నుసా పెనిడాలో స్కూబా డైవింగ్ చేద్దామనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. అండమాన్‌లోనో రుషికొండలోనో కోర్సు చేసి, చేతిలో ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్ మొదటి కోర్సు పాసైనట్టు ఇచ్చే కార్డు) ఉంది కదా అని చూస్తున్నవాళ్లు మరీ ముఖ్యంగా చదవండి. నాకు ప్యాకేజీ అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. వాళ్ల పేరు కన్నా వాళ్లు అమ్మిన పద్ధతి తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నారు. వోచర్‌లో "10:30 క్రిస్టల్ బే, 12:30 తోయాపాకె" అని, అంటే డైవ్ చేసే రెండు చోట్లూ దిగే టైమూ, నెల ముందే అచ్చు వేసి ఇచ్చారు. చిన్న గ్రూపులు, అనుభవాన్ని బట్టి గైడ్ అని కూడా రాశారు. నన్నూ మా బావమరిదినీ వాళ్లు అడిగిందల్లా హోటల్ పేరు, చెప్పుల సైజు. ఆఖరిసారి ఎప్పుడు డైవ్ చేశారు, కరెంట్‌లో, అంటే సముద్రం లోపలి ప్రవాహంలో, ఎప్పుడైనా దిగారా, ఇవేవీ అడగలేదు.

ఆ రోజు పౌర్ణమి మర్నాడు. బోటులో ఎనిమిది మందికి ఒకడే గైడ్. కోర్సు తర్వాత ఇదే మొదటి డైవ్ అన్నవాళ్లు కూడా ఉన్నారు. బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది: కొంచెం కరెంట్ ఉంటుంది, నా వెనకే రండి, ఏం కాదు.

బే లోపల నీళ్లు చెరువులా ఉన్నాయి. మూల తిరిగాక సంగతి మారింది. నేను వదిలిన గాలి బుడగలు పైకి పోకుండా ముఖం ముందే చెదిరిపోయి కిందికి జారుతున్నాయి. కాళ్లు గట్టిగా ఆడిస్తూనే ఉన్నాను, చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్‌లో మాత్రం లోతు 17, 19, 22 మీటర్లు అని పెరుగుతోంది. మా కార్డుకి అనుమతి 18 మీటర్ల వరకే. నీళ్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి, ఇచ్చిందేమో పల్చటి సూటు. గైడ్ అప్పటికే వేరే ఇద్దరిని పట్టుకుని ఉన్నాడు, మిగతావాళ్ల వైపు చూసే పరిస్థితి లేదు. మేమిద్దరం రాళ్లు పట్టుకుని, ఎదురీదకుండా గోడ వెంబడే పక్కకి జరుగుతూ, ఆ లాగుడు తగ్గాక మెల్లగా పైకొచ్చాం. రాగానే మావాడు అన్న మొదటి మాట: "బావా, బోటేదీ?"

బోటు వేరే కస్టమర్లను తేవడానికి వెళ్లిందట. పైకొచ్చినవాళ్లు కనబడేలా ఊదుకునే నారింజ రంగు గొట్టం, దాన్ని ఎస్ఎంబీ అంటారు, గైడ్ దగ్గర ఒకటే ఉంది. మా ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. చివరికి ఇంకో కంపెనీ బోటువాళ్లు చూసి ఎక్కించుకున్నారు.

రీఫండ్ అడిగితే "సముద్రం మా చేతిలో ఉండదు సార్" అన్నారు. సరే, సముద్రం ఉండదు. మరి దిగే టైమ్ పెట్టింది ఎవరు?

అక్కడి నీళ్ల తీరే వేరు. పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రంలోకి వెళ్లే పెద్ద ప్రవాహంలో ఒక పాయ బాలికీ లోంబోక్ దీవికీ మధ్య ఉన్న ఈ లోంబోక్ జలసంధి గుండానే పోతుంది. దానికి తోడు ఆటుపోట్లు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఉద్ధృతంగా ఉంటుందని మన తీరంలో ఏ జాలరిని అడిగినా చెప్తాడు. పోటు వచ్చే వేళ రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అలాంటి చోట నెల ముందే 10:30 అని ఎలా రాస్తారు? పద్ధతైనవాళ్లు ఏ చోట, ఎన్నింటికి అన్నది ఆటుపోట్ల పట్టిక చూసి, ఆ పొద్దున నీళ్లు చూశాకే తేలుస్తారు. కరెంట్ మరీ ఎక్కువగా ఉంటే చోటు మారుస్తారు, లేదా మానేస్తారు.

మోలా మోలా (సన్‌ఫిష్ అనే భారీ చేప) కోసం జూలై నుంచి అక్టోబర్ దాకా వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్త. ఆ చేప పైకి వచ్చేదే లోతులోంచి చల్లటి నీళ్లు పైకి వచ్చే కాలంలో. 5 ఎంఎం మందం ఉన్న సూటు లేకుండా దిగొద్దు.

అనుభవం ఉంటే చాలులే అనుకునేవాళ్లకు ఒక సంగతి. 2014 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న నుసా లెంబోంగన్ దగ్గర ఏడుగురు జపాన్ డైవర్లు కొట్టుకుపోయారు, వాళ్లలో ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారు. మూడు రోజుల తర్వాత ఐదుగురు ప్రాణాలతో దొరికారు. మిగతా ఇద్దరు ప్రాణాలతో తిరిగి రాలేదు.

అందుకే డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. చోటూ టైమూ ఎవరు, ఎప్పుడు తేలుస్తారు? కరెంట్ వల్ల రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజు తీసుకెళ్తారా? గైడ్‌కి ఎంతమంది? ఒక్కొక్కరికీ ఎస్ఎంబీ ఇస్తారా? మేం నీళ్లలో ఉన్నంతసేపూ బోటు పైనే ఉంటుందా? వీటికి "నో ప్రాబ్లమ్ సార్" ఒక్కటే జవాబైతే వదిలేయండి. మీ పాత డైవ్‌ల గురించి తిరిగి మిమ్మల్నే పది ప్రశ్నలు వేసేవాళ్లు దొరికితే, రేటు కాస్త ఎక్కువైనా వాళ్లతోనే వెళ్లండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా ఉందో లేదో, ఉంటే ఎంత లోతు వరకో చూసుకోండి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం డైవింగ్ పెట్టే ప్యాకేజీ కూడా వద్దు. రెండు డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు.

నేను కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేయగలిగాను. "చిన్న గ్రూపులు" అని ఉన్న వోచర్ పేజీ, బోటులో తీసిన ఫోటో రెండూ జత చేశాను. ఇంకా తేలలేదు. మా బోటులోనే ఉన్న ఒకాయన ఏజెంట్ సొంత నంబర్‌కి యూపీఐ చేశాడు, ఇప్పుడు ఆ నంబర్ ఎత్తడం లేదు.