ఇంట్లో సీరం కిట్: పొడులు మంచివే, కాటా దండగ

అనంతపురం బోరు నీళ్ల సంగతి బకెట్ అంచున పేరుకున్న తెల్లటి పొరే చెబుతుంది. మొహానికి రాసుకునే సీరంకి అవి పనికిరావు. డిస్టిల్డ్ వాటరే కావాలి, అదీ సీలు తీయనిది. బ్యాటరీల్లో పోసే నీళ్లు చవకే గానీ మొహానికి వద్దు. ఆన్‌లైన్‌లో తెప్పించే ఈ నయాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) సీరం కిట్‌లో నీళ్లు రావు, విడిగా కొనుక్కోవాలి.

100 గ్రాములకు లెక్క ఇదీ: నీళ్లు 89.7, నయాసినమైడ్ 5, గ్లిజరిన్ 4, పాడవకుండా ఉంచే ఫినాక్సీఇథనాల్ ప్రిజర్వేటివ్ 0.9, చిక్కదనానికి జాంథన్ గమ్ 0.3, నీళ్లలోని లోహాలను పట్టి ఉంచే ఈడీటీఏ 0.1. గమ్‌ను నేరుగా నీళ్లలో చల్లితే సగ్గుబియ్యంలా ఉండలు కడుతుంది, ఎంత గిలకొట్టినా కరగవు. ముందు గ్లిజరిన్‌లో రంగరించి, ఆ ముద్ద మీద నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. ప్రిజర్వేటివ్ చివర్లో.

అసలు లోపం కాటాది. కిట్‌లో ఇచ్చిన, ఒక గ్రాము తేడానే చూపించే కాటాతో 0.3 గ్రాములు ఎలా తూస్తారు? 0.01 గ్రాము చూపేది వేరే కొనాల్సిందే. కిట్ కాగితంలో ప్రిజర్వేటివ్‌ను 'పది చుక్కలు' అని రాయడం ఇంకా అన్యాయం, చుక్క బరువు డ్రాపర్‌ని బట్టి మారుతుంది. పులుపు ఎంతో చూపే పీహెచ్ కాగితాలు పర్లేదు. పీహెచ్ 5.5, 6 మధ్య ఉంచండి. బాగా పులుపెక్కితే నయాసినమైడ్ మెల్లగా నికోటినిక్ యాసిడ్‌గా మారి మొహం ఎర్రబడి చురుక్కుమంటుంది.

విటమిన్ ఈ నూనె ఎందుకిచ్చారో మరి, నీళ్ల మీద తేలుతుంది. పక్కన పెట్టేయండి. మన ఎండలకు సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. మబ్బుగా మారినా, వాసన వచ్చినా పారబోయండి.