డగ్గా వినిపించని ఏడు నెలలు: ‘దిస్ మూమెంట్’, ‘యాజ్ వి స్పీక్’

తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ సభ్యుడుగా ఉన్న, భారతీయ, పాశ్చాత్య సంగీతాలను కలిపి వాయించే శక్తి బృందం ఆల్బమ్ ‘దిస్ మూమెంట్’ 2023 జూన్ 30న వెలువడింది. దానికి సరిగ్గా ఏడు వారాల ముందు బేలా ఫ్లెక్ (బాంజో), ఎడ్గర్ మేయర్ (డబుల్ బేస్ అనే పెద్ద మంద్రస్థాయి తీగవాద్యం), రాకేశ్ చౌరసియా (వేణువు)లతో కలిసి జాకిర్ హుస్సేన్ చేసిన ‘యాజ్ వి స్పీక్’ వచ్చింది. ఆ మరుసటి ఫిబ్రవరిలో ఆయన అందుకున్న మూడు గ్రామీలూ ఈ రెండు ఆల్బమ్‌ల పుణ్యమే కనుక వీటిని పరిచయం చేయవలసిన పని లేదు. ఇంతకాలం రెండింటినీ మార్చి మార్చి విన్న తరువాత నేను చెప్పదలచుకున్నది తబలా జంటలో ఎడమచేతి కింద ఉండే ఆ పెద్ద వాద్యం, డగ్గా, గురించి మాత్రమే.

మొదట్లో నా పక్షపాతమంతా ‘దిస్ మూమెంట్’ మీదే ఉండేది. 1977 నాటి ‘నాచురల్ ఎలిమెంట్స్’ తరువాత 46 ఏళ్లకు ఆ బృందం స్టూడియోలో చేసిన ఆల్బమ్ అది. పైగా దాని మొదటి రచన ‘శ్రీనీస్ డ్రీమ్’ పాలకొల్లులో పుట్టి 2014లో 45 ఏళ్లకే కన్నుమూసిన మాండలిన్ శ్రీనివాస్‌కు నివాళి. ఆయన మాండలిన్ వింటూ పెరిగిన నావంటి వాడు ఆ పేరు చూసిన తరువాత తటస్థంగా వింటాడని ఎవరూ ఆశించకూడదు. ‘యాజ్ వి స్పీక్’ గురించి మాత్రం, నలుగురు పెద్ద విద్వాంసులు “మీరు ముందు, మీరు ముందు” అని ఒకరినొకరు మర్యాద చేసుకుంటున్నట్లుందనీ, పొడిపొడిగా ఉందనీ మిత్రులందరితో చెప్పాను. ఇద్దరు ముగ్గురు నా మాట నమ్మి దానిని వినడమే మానేశారు.

ఆ తీర్పు వెనుక ఒక విరిగిన హెడ్‌ఫోన్ ఉందని నాకు ఏడు నెలల వరకు తెలియలేదు. ‘యాజ్ వి స్పీక్’ వచ్చిన రెండో వారంలోనే నా హెడ్‌ఫోన్ కుడివైపు మూగబోయింది. తీగను మెలిపెట్టి, ఒక కోణంలో పట్టుకుంటే కాసేపు పలికేది, తల తిప్పితే ఆగిపోయేది. నాలుగు రోజులు ఆ యాతన పడి, విసుగెత్తి, బాగుచేయిద్దాంలే అనుకుంటూ ఫోన్ స్పీకరు మీదే వినడం మొదలుపెట్టాను. మనిషి చెవి చాలా సర్దుకుపోయే గుణం కలది. లేని శబ్దాన్ని ఊహతో పూరించుకుని అంతా వినబడుతున్నదనే భ్రమలో ఉంచుతుంది. ఫోన్‌లోని ఆ చిన్న స్పీకరుకు మంద్రస్థాయి శబ్దాలను పలికించే శక్తి లేదు. డబుల్ బేస్ అడుగు తీగ 40 హెర్ట్‌జ్ ప్రాంతంలో మోగుతుంది. డగ్గా గుండె కూడా కింది శ్రుతుల్లోనే ఉంటుంది. కుడి తబలా మీది ‘నా’, ‘తిన్’ గాజు ముక్కల్లా స్పష్టంగా వినిపించేవి కానీ, డగ్గా ‘ఘే’ అనవలసిన చోట అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్లు ఒక ‘టప్’ మాత్రమే మిగిలేది. అంటే నలుగురు మాట్లాడుకునే సంభాషణలో ఇద్దరి మాటలు సగానికి పైగా తుడిచివేసి, ఆ పైన సంభాషణ పొడిగా ఉందని నేను తప్పుబట్టాను.

ఏడు నెలల తరువాత ఒక రాత్రి, చివరికి కొనుక్కున్న కొత్త హెడ్‌ఫోన్లలో ‘యాజ్ వి స్పీక్’లోని ‘పష్తో’ పెట్టాను. ఏడు మాత్రల తాళం. కొన్ని ఆవర్తనాలు గడిచేసరికి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వేళ్లతో కొట్టిన దెబ్బ ఇంకా మోగుతుండగానే మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో తోలును నొక్కి జరిపితే, డగ్గా స్వరం కింది నుంచి పైకి ప్రశ్నలా లేస్తుంది. గాయకుడి గొంతులో గమకం ఎంత సహజమో ఆ చేతిలో అదీ అంతే సహజం. దాని పక్కన కమానుతో పట్టిన బేస్ స్వరం నేలలా పరచుకుని ఉంది. నాకు మర్యాదగా తోచినది నిజానికి నిగ్రహమని అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క రచననే నిద్ర మానుకుని మళ్లీ మళ్లీ విన్నాను. మరునాడు ఆ మిత్రులకు నా పాత మాటను ఉపసంహరించుకుంటున్నట్లు చెప్పవలసి రావడం కొంత చిన్నతనంగానే అనిపించింది.

అదే ఉత్సాహంతో ‘దిస్ మూమెంట్’ వైపు తిరిగాను. సెల్వగణేశ్ కంజీర తోలును తడిపి, నొక్కి రాబట్టే ఆ లోతైన మూలుగు నాకు అంతవరకు వట్టి గిలకల చప్పుడుగానే చేరిందని తెలిసి ఆనందించాను. అయితే మంచి హెడ్‌ఫోన్లు దాచిపెట్టవు. బృంద సభ్యులు వేర్వేరు చోట్ల ఉండి వాయించినవాటిని కూర్చిన ఆల్బమ్ ఇది. ఆ దూరం నాకు ఇప్పుడు అక్కడక్కడ తెలుస్తున్నది: ఒక వాద్యం చుట్టూ ఉన్న గాలి మరొక వాద్యం చుట్టూ లేదు. 1975లో ఒకే వేదిక మీద కచేరీగా వాయించి, మరుసటి ఏడాది విడుదల చేసిన శక్తి తొలి ఆల్బమ్‌లో ఒకరి ఊపిరి మరొకరికి తగిలినట్లుండే సాన్నిధ్యాన్ని దీనిలో వెదికితే కొంత నిరాశ తప్పదు. ఇది మొదటి రోజుల్లో నేను దానికి పలికిన పొగడ్తను రద్దు చేయదు, కానీ ఆ పొగడ్తలో సగం శ్రీనివాస్ మీది ప్రేమదని ఒప్పుకుంటున్నాను.

‘దిస్ మూమెంట్’ను శంకర్ మహదేవన్ గానం కోసం వినేవారికి ఈ గొడవ ఏదీ పట్టదు. బంగాళ రాగంలోని త్యాగరాజ కృతి ‘గిరిరాజసుతా తనయ’ ఎంత చిన్న స్పీకరులోనైనా నిలుస్తుంది. ఆల్బమ్‌లో దాని పేరును ‘గిరిరాజ్ సుధ’ అని వేయడం మాత్రం ప్రతిసారీ నా కంటిలో నలుసే. పర్వతరాజు కూతురు కాస్తా అమృతమైపోయింది.

నేను రాత్రిపూట, ఒంటరిగా, దీపం ఆర్పి వినేవాడిని. ప్రయాణంలోనో పనుల మధ్యనో వినేవారికి నేను ‘యాజ్ వి స్పీక్’ను ముందుగా చెప్పను, వారికి ‘దిస్ మూమెంట్’ వెంటనే చేరువవుతుంది. నాకైతే ఇప్పుడు నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు ‘యాజ్ వి స్పీక్’ కావాలి. పైగా 2024 డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ వెళ్లిపోయిన తరువాత, డగ్గా స్వరం అలా పైకి లేచిన ప్రతిసారీ నా విమర్శనాబుద్ధి ఎంతవరకు పనిచేస్తున్నదో నేను హామీ ఇవ్వలేను. ఈ మధ్య కొత్త హెడ్‌ఫోన్లలోనూ ఎడమవైపు సన్నగా గరగరమంటున్నది. ఈసారి ఏడు నెలలు ఆగను.