బ్యాక్‌హోకి ఆయిల్: ట్రాక్టర్ పంపు నుంచా, పీటీవో పంపు నుంచా?

ట్రాక్టర్ వెనక బ్యాక్‌హో (గుంటలు తవ్వే చేయి) బిగించేవాళ్లు బకెట్ సైజు కంటే ముందు తేల్చుకోవాల్సింది, దాన్ని కదిపే హైడ్రాలిక్ ఆయిల్ ఏ పంపు నుంచి వస్తుందన్న సంగతి.

ట్రాక్టర్ సొంత హైడ్రాలిక్స్ వాడుకుంటే ఖర్చు తక్కువ. కానీ ఆ పంపు ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 40 లీటర్లు ఇచ్చే పంపు, 1200 దగ్గర సుమారు 24 లీటర్లే ఇస్తుంది. బకెట్ బలం పెద్దగా తగ్గదు, బలం ప్రెషర్‌ను బట్టి ఉంటుంది. తగ్గేది వేగం. బూమ్ అనే పెద్ద చేతినీ బకెట్‌నీ ఒకేసారి కదిపితే ఏదో ఒకటి నెమ్మదిస్తుంది. పైగా చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్సుకీ హైడ్రాలిక్స్‌కీ ఆయిల్ ఒకటే. పైపులు కలిపేటప్పుడు మట్టి చేరిందంటే నష్టం గేర్ల దాకా పోతుంది. నాకు అన్నిటికన్నా భయం ఇదే.

పీటీవో పంపు ట్రాక్టర్ వెనక తిరిగే పీటీవో షాఫ్ట్‌తో నడుస్తుంది. దానికి ట్యాంకు, ఫిల్టర్ విడిగా ఉంటాయి. ఖర్చు, బరువు ఎక్కువే. ఆ షాఫ్ట్ తిరిగే 540 ఆర్‌పీఎం వేగం పంపుకి చాలదు కాబట్టి సాధారణంగా మధ్యలో వేగం పెంచే గేర్లు పెడతారు. ఇంజిన్ ఎంత తిరిగితే 540 వస్తుందో ట్రాక్టర్ పుస్తకంలో చూసి, త్రాటిల్ అక్కడే ఉంచాలి.

అయితే పెద్ద పంపు కొంటే మంచిదనుకోవద్దు. 180 బార్ ప్రెషర్‌లో 40 లీటర్లు తోయడానికే 12 కిలోవాట్లు, అంటే దాదాపు 16 హార్స్‌పవర్ కావాలి. బ్యాక్‌హోకి చెప్పిన లీటర్లు దాటితే ఆయిల్ వేడెక్కుతుంది, లివర్ కాస్త కదిపినా బూమ్ ఎగిరిపడుతుంది.

ఎప్పుడో ఓసారి పైపులైను గుంట తవ్వుకునే రైతుకి ట్రాక్టర్ పంపు చాలు. రోజంతా కిరాయికి తిప్పేవాళ్లు పీటీవో పంపే తీసుకోవాలి.