ఆరేళ్ళు వాడిన అసెంబుల్డ్ పీసీ: ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

2019 చివర్లో పార్టులన్నీ విడివిడిగా కొని నేనే బిగించుకున్న సిస్టమ్ ఇది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, పాత సిస్టమ్ నుంచి తీసిన హార్డ్ డిస్క్ ఒకటి, గోల్డ్ రేటింగ్ ఉన్న 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (అన్ని పార్టులకీ కరెంట్ ఇచ్చే డబ్బా). కొన్న వారంలో రాసిన రివ్యూలు ఎన్నైనా దొరుకుతాయి గానీ ఇన్నేళ్ళు రోజూ పది గంటలు వాడాక రాసేవాళ్ళు తక్కువ, అందుకే రాస్తున్నా.

అసెంబుల్డ్ పీసీ ఎన్నేళ్ళొస్తుందండీ అని చాలామంది అడుగుతారు. ఒక్క అంకె చెప్పలేం, లోపలున్న ఒక్కో పార్టుకి ఒక్కో ఆయుష్షు. ప్రాసెసర్, ర్యామ్ అంత తేలిగ్గా పోవు. తిరిగేవి, ఎండిపోయేవే ముందు పోతాయి, అంటే ఫ్యాన్లు, హార్డ్ డిస్క్, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే పూత), ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంట్ నిలవుంచే కెపాసిటర్లు. వాటిని కనిపెట్టుకుని ఉంటే మిగతాది దానంతటదే నడుస్తుంది.

నాకిది మూడో ఏడాదిలో తెలిసొచ్చింది. 20 నిమిషాల్లో అయ్యే వీడియో రెండరింగ్ 35 నిమిషాలు పడుతోంది, విండోస్ పాడైందేమో అనుకుని ఫార్మాట్ కొట్టి రెండు రోజులు పోగొట్టుకున్నా, అయినా అంతే. అప్పుడు టెంపరేచర్ చూస్తే 95 డిగ్రీలు. 3600కి అదే గరిష్ఠం, అక్కడికి చేరితే చిప్ తనని తాను కాపాడుకోడానికి స్పీడ్ తగ్గించేసుకుంటుంది. బయటినుంచి చూస్తే కూలర్ శుభ్రంగానే ఉంది, ఫ్యాన్ విప్పి చూస్తే దాని వెనక రేకుల మీద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి గాలే దూరట్లేదు! పేస్ట్ ఎండి సుద్దపొడి అయిపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త పేస్ట్ బఠాణీ గింజంత పెట్టి బిగించాక అదే రెండరింగ్‌లో 74 డిగ్రీలు దాటలేదు.

ఇక్కడొక జాగ్రత్త. నా 3600 లాంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకి పిన్నులు చిప్ కిందే ఉంటాయి, పేస్ట్ గట్టిపడ్డాక కూలర్‌ని నిటారుగా లాగితే లాక్ వేసున్నా సరే చిప్ కూడా అతుక్కుని ఊడొచ్చేస్తుంది, పిన్ను వంగిందా ఇంక పాట్లే. విప్పేముందు సిస్టమ్‌ని పది నిమిషాలు లోడ్ మీద నడిపి, ఆఫ్ చేసి ప్లగ్ పీకేసి, పేస్ట్ మెత్తగా ఉండగానే కూలర్‌ని అటూ ఇటూ మెల్లిగా తిప్పి తియ్యండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, అడ్డదిడ్డంగా గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో విప్పొద్దు, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో కరెంట్ నిలవుంటుంది.

ఎస్‌ఎంపీఎస్ అంటే గుర్తొచ్చింది, నా అంతకుముందు సిస్టమ్‌లో చవగ్గా వచ్చిందని ఏదో పెట్టా, అది పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. అందుకే ఈసారి పదేళ్ళ వారంటీ ఉన్నది కొన్నా, ఇప్పటిదాకా ఒక్క తేడా లేదు, మొత్తం సిస్టమ్‌లో నేను పెట్టిన మంచి ఖర్చు అదే. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే కేబుళ్ళు కూడా మార్చాలండోయ్. మాడ్యులర్ వాటిలో, అంటే కేబుళ్ళు విడిగా ఊడొచ్చే రకంలో, ఎస్‌ఎంపీఎస్ వైపు కనెక్టర్ చూడ్డానికి ఒకేలా ఉన్నా పిన్నుల వరస కంపెనీ కంపెనీకీ మారుతుంది, పాత కేబుల్ పెడితే డిస్క్ కాలిపోవచ్చు.

హార్డ్ డిస్క్ నాలుగో ఏట వెళ్ళిపోయింది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో హెచ్చరికగా పసుపు రంగు కనపడగానే డేటా కాపీ చేసుకున్నా కాబట్టి ఫోటోలన్నీ దక్కాయి. ఎస్‌ఎస్‌డీ అయితే నిక్షేపంలా ఉంది, దాని రైట్ లిమిట్, అంటే కంపెనీ లెక్కన మొత్తం రాసుకోగల డేటా, 300 టెరాబైట్లు, ఇన్నేళ్ళలో నేను రాసింది 41. ఐదో ఏట స్విచ్ కట్టేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోయి బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోలేదు, బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బటన్ సెల్ మారిస్తే సరిపోయింది. ఇంత చిన్నదానికి బోర్డు పోయిందనుకుని మార్చేసేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ఇంక అసలు మజా అప్‌గ్రేడ్‌లో ఉంది. 2022లో వచ్చిన 5800ఎక్స్‌3డీ ప్రాసెసర్ ఇదే పాత బోర్డులో కూర్చుంది, పాత చిప్ ఉండగానే బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోవాలి, అంతే. గేముల్లో తేడా కళ్ళకి తెలుస్తోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది కదా, విండోస్ 11 అడిగే ఎఫ్‌టీపీఎం అనే భద్రతా ఫీచర్‌ని బయోస్‌లో ఆన్ చేస్తే 11 హాయిగా ఎక్కింది.

నచ్చనివి రెండు. క్యాబినెట్ ముందంతా గాజే, గాలికి సందు లేదు, డస్ట్ ఫిల్టర్ లేదు, అందం చూసి కొన్నా, ఆ దుమ్మంతా అందుకే. రెండోది, వారంటీ అంతా ఒకచోట ఉండదు, ఏ పార్టు బిల్లు దానిదే, అన్నీ ఒక కవర్లో దాచుకోవాలి. ఐదుకి నాలుగిస్తా, తగ్గించిన ఒకటీ క్యాబినెట్‌కే.

ఇప్పుడు వెనక ఫ్యాన్ పొద్దున్నే ఆన్ చెయ్యగానే ఓ రెండు నిమిషాలు గరగరమంటోంది, ఈ ఆదివారం దాన్ని మార్చాలి.