స్కోరు చూడాలా, చెక్‌లిస్టు పట్టాలా, పక్కన నడవాలా: ఏది మేలు?

వయసు మీద పడ్డాక కూడా సొంత ఇంట్లోనే ఉంటామనే పెద్దవాళ్ళకి వాళ్ళ ఏరియా ఎంతవరకు ఆసరా ఇస్తుందో చెప్పడానికి చాలామంది ముందు స్కోరు వెతుకుతారు. అమెరికాలో పెద్దవాళ్ళ కోసం పనిచేసే ఏఏఆర్‌పీ అనే సంస్థ ఇస్తున్న లివబిలిటీ ఇండెక్స్ అలాంటిదే, అక్కడి ఏ ప్రాంతానికైనా 0 నుంచి 100 లోపు ఒక అంకె వస్తుంది. ఇల్లు మారాలా వద్దా, మారితే ఎటు అనేవాళ్ళకి పనికొస్తుంది. కానీ ఆ అంకె రకరకాల విషయాల మార్కుల సగటు, సగటు సగటే. వైద్యం బాగుండి, అక్కడికి చేర్చే బండే లేకపోతే ఆ లోటు అంకెలో కలిసిపోతుంది.

చెక్‌లిస్టు దానికంటే నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 33 నగరాల్లో పెద్దవాళ్ళనే అడిగి తెలుసుకుని 2007లో ఒక గైడ్ తెచ్చింది, అందులో ఇల్లు, రవాణా, ఆరోగ్య సేవలతో పాటు గౌరవం, సమాచారం, నలుగురితో కలిసే వీలు కూడా కలిపి మొత్తం ఎనిమిది అంశాలున్నాయి. మనంతట మనం చూస్తే ఆసుపత్రి, ర్యాంపు దగ్గరే ఆగిపోతాం కదా, ఇది ఆగనివ్వదు.

అయినా నా ఓటు పక్కన నడవడానికే, అంటే ఆ పెద్దవాళ్ళు వెళ్ళే దారిలో వాళ్ళతో కలిసి నడిచి చూడటానికి. చెక్‌లిస్టులో "సిగ్నల్ ఉందా? ఉంది" అని టిక్ పడుతుంది. రోడ్డు వెడల్పు 14 మీటర్లు అనుకోండి, సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారనే లెక్కతో సిగ్నల్ పెడితే 12 సెకన్లలో దాటేయాలి, అదే 0.8 మీటర్ల చొప్పున అడుగేసే ఒక పెద్దావిడకి 17 సెకన్లు దాటుతుంది, అంటే బండ్లు కదిలే సమయానికి ఆవిడ ఇంకా నడిరోడ్డు మీదే ఉంటుంది. ఆ టెన్షన్‌తోనే చాలామంది బయటికి రావడం మానేస్తారు. మందుల షాపు ముందు పట్టుకోవడానికి కమ్మీ లేని మూడు మెట్లు, కూర్చుందామంటే దారి పొడవునా ఒక్క బల్ల కూడా లేకపోవడం, ఇవన్నీ ఆవిడ చెయ్యి మన భుజం మీద పడ్డప్పుడే తెలుస్తాయి. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళండి.

గడప దాటలేని వాళ్ళ సంగతి మాత్రం ఈ నడకలోనూ తెలియదు. వాళ్ళింటికే వెళ్ళి కూర్చుని రెండు మాటలు అడగాలి: రాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? పొద్దున తలుపు తెరుచుకోకపోతే ముందు ఎవరు గమనిస్తారు?