తారా కొండ, లియా ఫాల్ రాయి: వెళ్లేముందు తెలిస్తే మంచివి

డబ్లిన్‌లో ఉండే తెలుగువాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు సముద్రం ఒడ్డునున్న మోహర్ కొండచరియలకే తీసుకెళ్తారు. తారా కొండ మీత్ కౌంటీలో కారులో గంటలోపు దూరం, టికెట్ కూడా లేదు. అయినా చాలామందికి దాని ఊసే తెలియదు.

ఐర్లండ్ మహారాజులకు ఇక్కడే పట్టాభిషేకం జరిగేదని అక్కడి పురాణాలు చెబుతాయి. అసలైన రాజు తాకితే కొండ మీదున్న లియా ఫాల్ రాయి పెద్దగా అరిచేదట! నిలువెత్తు కూడా లేని ఆ రాయిని చూస్తే మనకి శివలింగం గుర్తొస్తుంది. వాట్సాప్‌లో అది శివలింగమేనని తిరిగే కథల్ని మాత్రం నమ్మకండి. దేవతల్లాంటి ఒక జాతి తెచ్చిన నాలుగు నిధుల్లో ఇదొకటని వాళ్ల కథ. ఆ కథే ఎంతో బాగుంది, దాన్ని మనది చేసుకోనక్కర్లేదు. బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటులో ఇక్కడ చనిపోయినవాళ్ల గుర్తుగా తర్వాత రాయిని ఇప్పుడున్న చోటికి మార్చారు. 2012లో ఎవరో దాన్ని పగలగొట్టబోయారు, 2014లో రంగు పోశారు. అది తలుచుకుంటే కడుపు మండుతుంది.

పక్కనే ఉన్న బందీల దిబ్బ ఇంకా పాతది, అయిదు వేల ఏళ్ల నాటి సమాధి. లోపలికి వెళ్లనివ్వరు, గేటులోంచి చెక్కిన రాయిని చూడొచ్చు.

కొండ ఏడాదంతా తెరిచే ఉంటుంది కానీ, పాత చర్చిలోని సందర్శకుల కేంద్రం సీజన్‌లోనే తెరుస్తారు. అది తెరిచినప్పుడే వెళ్లండి. వీడియో చూసి, గైడ్ మాట వింటేనే ఆ గడ్డి దిబ్బలకి అర్థం తెలుస్తుంది. మేము ఒకసారి ప్యాకేజీ బస్సులో వెళ్తే దిగి ఫొటో తీసుకునేలోపే పదండన్నారు, ఆ డబ్బు దండగే. సొంత కారు మేలు. దగ్గర్లోని నావన్ ఊరికి వెళ్లే బస్సులో వెళ్తే మెయిన్ రోడ్డు మీద దిగి పైకి నడవాలి, పెద్దవాళ్లకి కష్టం. కొండ మీద పెద్ద ఎక్కుడు లేదు గానీ నేల ఎగుడుదిగుడు, గాలి విపరీతం. మంచి బూట్లు, జాకెట్ తప్పనిసరి.

రాత్రి ఉండాలంటే నావన్ కన్నా ట్రిమ్ నాకు నచ్చింది. కోట నడిచే దూరంలోనే ఉంటుంది, ఊరు ప్రశాంతం. బీ అండ్ బీల్లో (బసతో పాటు టిఫిన్ పెట్టే చోట్లు) శాకాహారమని ముందే చెబితే టిఫిన్‌కి ఇబ్బంది ఉండదు. మర్నాడు న్యూగ్రేంజ్ అనే పురాతన రాతి సమాధి పెట్టుకోండి, దానికి మాత్రం ముందుగా బుక్ చేసుకోవాలి. తారాలో దొరికిన బంగారు కంటెలు డబ్లిన్ కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియంలో ఉన్నాయి, ప్రవేశం ఉచితం. కొండ చూసొచ్చాకే అక్కడికి వెళ్లండి.